వడ్డించే వరుసలో చోటు: గోదావరి డెల్టా ఊళ్ళకు ఒక స్వచ్ఛంద సేవా మార్గదర్శి

గోదావరి డెల్టాలో సేవకు ఎన్నడూ కరవు లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళగాని వేళ తలుపు తట్టిన బాటసారికి కూడా అన్నం పెట్టిన నేల ఇది. గోదావరి వైనతేయ పాయ మీది అక్విడక్టుకు (కాలువను నది దాటించే వంతెనకు) ఆమె పేరు పెట్టుకున్నాం. కార్తీకమాసంలో అన్నసమారాధనలు, చర్చి ఆవరణల్లో క్రిస్మస్ ప్రేమవిందులు, వరద రోజుల్లో పడవల మీద లంకలకు, అంటే నది మధ్య దీవుల్లోని ఊళ్ళకు, వెళ్ళే పులిహోర పొట్లాలు ఇక్కడ ఏటా జరిగేవే. అయితే పెట్టే చేయి ఎవరిది, పుచ్చుకొనే చేయి ఎవరిది అని గమనిస్తే, తరాలు మారినా ఆ రెండు వరుసలూ పెద్దగా మారలేదని తెలుస్తుంది. దళిత పేటల్లోనివారు, లంకల్లోనివారు, చేపల రేవులో బతికేవారు, దివ్యాంగులు, ఒంటరి స్త్రీలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు దాదాపు ఎప్పుడూ పుచ్చుకొనే వరుసలోనే కనిపిస్తారు. ఎప్పుడూ పుచ్చుకొనే మనిషి మీద ఊరు జాలి చూపిస్తుంది గాని, తన నిర్ణయాల్లో అతణ్ణి లెక్కలోకి తీసుకోదు.

ఈ మార్గదర్శి ఆ వరుసను మార్చదలచినవారికోసం: యువజన సంఘం, డ్వాక్రా గ్రామ సమాఖ్య, ఆలయ కమిటీ, చర్చి పెద్దలు, కళాశాల ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం అధికారి, లేదా కలిసి పని చేయాలనుకొనే నలుగురైదుగురు స్నేహితులు. సంఘం రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టవలసిన అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే ఆ పని ఎప్పుడైనా చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్‌తో మొదలైన సంఘాలు చాలావరకు అధ్యక్షుడెవరన్న తగాదా దగ్గరే ఆగిపోతాయి.

ఒక హద్దును ముందే చెప్పుకోవాలి. స్వచ్ఛంద సేవ భూమి ఇవ్వదు, కూలి పెంచదు, కౌలు తగ్గించదు. వాటికి వేరే పోరాటాలు, వేరే చట్టాలు ఉన్నాయి. సేవ ఇవ్వగలిగినది పరిచయం, నమ్మకం, నలుగురిలో మాట చెల్లుబాటు కావడం. ఉద్యోగం వెతుక్కొనేటప్పుడు గాని, ఆపద వచ్చినప్పుడు గాని అవి లేని లోటు ఎంతటిదో లేనివారికే తెలుస్తుంది.

మొదటి మెట్టు: ఊరి పనుల్లో ఎవరు కనిపించడం లేదో చూడండి

ఎవరు బీదవారు అన్న ప్రశ్నతో మొదలుపెడితే రేషన్ కార్డుల జాబితా చేతికి వస్తుంది. అది ఈ పనికి పెద్దగా ఉపయోగపడదు. దానికి బదులు ఊరి ఉమ్మడి పనులన్నిటినీ ఒక కాగితం మీద రాయండి: ఉత్సవ కమిటీ, బడి తల్లిదండ్రుల కమిటీ, నీటి సంఘం, వరద సహాయం, రక్తదాన శిబిరం, సంక్రాంతి ఆటల పోటీలు, పెళ్ళిళ్ళకు సామాన్లు అద్దెకిచ్చే సంఘం. ఒక్కొక్క పని ఎదుట అందులో ఎవరు చెయ్యి వేస్తున్నారో, ఎవరు దూరంగా నిలబడి చూస్తున్నారో రాయండి. సగం కాగితం నిండేసరికే ఊరి అసలు పటం బయటపడుతుంది.

డెల్టాలో ఈ పటంలో తరచుగా తప్పిపోయేవారిలో కొందరిని ప్రత్యేకంగా వెతకాలి. కౌలు రైతు పొలంలో అందరికంటె ముందుంటాడు గాని, భూమి కాగితం తన పేరున లేనందువల్ల నీటి సంఘంలో అతని మాటకు విలువ ఉండదు. లంకవాసి రేషన్‌కూ ఆసుపత్రికీ గట్టు మీది ఊరికి వస్తాడు గాని, సాయంత్రం జరిగే సమావేశాలకు ఉండలేడు, ఎందుకంటే చివరి పడవ దాటిపోతుంది. నరసాపురం చుట్టుపట్ల ఇంటి అరుగు మీద లేసు అల్లుకొనే స్త్రీలు రోజంతా కనిపిస్తూనే ఉంటారు గాని, ఎవరూ వారిని ఒక పనికి పిలవరు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళలో పని చేసి తిరిగి వచ్చిన స్త్రీల గురించి ఊళ్ళో గుసగుసలు ఎక్కువ, పిలుపులు తక్కువ. కొబ్బరి దింపు కార్మికుడు చెట్టు మీదనుంచి పడి మంచాన పడితే, ఆ తరువాత అతను పింఛను జాబితాలో ఒక పేరుగానే మిగులుతాడు.

ఈ పరిశీలనను బయటివారు ఒక్కరోజులో చేసి వెళ్ళిపోకూడదు. ప్రతి పేటనుంచి ఒకరు, ప్రతి లంకనుంచి ఒకరు మొదటి రోజునుంచే ఆ కాగితం ముందు కూర్చొని ఉండాలి. మిగిలిన మెట్లన్నీ ఈ ఒక్క షరతు మీద ఆధారపడి ఉన్నాయి.

రెండవ మెట్టు: సేవకూ వెట్టికీ మధ్య గీత గీయండి

ఈ మెట్టును దాటవేసిన సేవా కార్యక్రమాలే పేటల్లో ఎక్కువగా విఫలమయ్యాయి. డబ్బు తీసుకోకుండా ఊరి పని చేయడం కొన్ని కుటుంబాలకు కొత్త గౌరవంగా తోచదు. తాతల కాలం నాటి వెట్టిగా గుర్తుకు వస్తుంది. డప్పు కొట్టి చాటింపు వేయడం, చచ్చిన పశువును మోయడం, వీధులు, మురుగు కాలువలు శుభ్రం చేయడం, పెద్దల ఇంటి పెళ్ళిలో ఎంగిలాకులు ఎత్తడం వంటివన్నీ జీతం లేకుండా, కాదనే వీలు లేకుండా చేయించుకొన్న పనులే. అలాంటి పనిని 'సేవ' అన్న పేరుతో మళ్ళీ అదే కుటుంబానికి అప్పగిస్తే, కలుపుకోవడం మాట దేవుడెరుగు, పాత గాయాన్ని కెలికినట్టవుతుంది.

గీత గీయడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ పనిని ఇంకొకరు చేస్తే కూలి ఇస్తామా? ఇస్తామంటే వీరికీ కూలి ఇవ్వవలసిందే. ఉపాధి హామీలో చేయవలసిన పనిని గాని, పంచాయతీ పారిశుధ్య సిబ్బంది చేయవలసిన పనిని గాని స్వచ్ఛంద సేవ పేరుతో చేయించకూడదు. ఈ పని ఆ వ్యక్తి కులానికి పూర్వం అంటగట్టినదా? అయితే ఆ పనిని అతనికి ఇవ్వకండి, లేదా ఊరందరూ వంతులవారీగా చేసేలా పెట్టండి. అతను 'నాకు కుదరదు' అంటే, రేపు అప్పు దగ్గరో, పని దగ్గరో, పథకం దగ్గరో అతనికి నష్టం జరుగుతుందా? జరిగే అవకాశం ఉంటే అది స్వచ్ఛందం కాదు. అందుకే తన పొలంలో పని చేసే కూలీలను ఆసామి స్వయంగా సేవకు పిలవకూడదు, రొయ్యల షెడ్డు సూపర్‌వైజరు తన దగ్గరి స్త్రీలను పిలవకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొక చిక్కు ఉంది. 2019నుంచి కొన్నేళ్ళపాటు సుమారు 50 ఇళ్ళకు ఒకరి చొప్పున ప్రభుత్వ వాలంటీర్లు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పని చేశారు. అందువల్ల మీరు వాలంటీరు అనగానే జీతం ఎంత, పింఛను మీరే తెస్తారా, ఏ పార్టీ తరఫున అన్న మూడు ప్రశ్నలు వస్తాయి. వాటికి మొదటి పరిచయంలోనే సూటిగా సమాధానం చెప్పాలి. జీతం లేదని, పథకాలతో సంబంధం లేదని, పార్టీ జెండా ఉండదని చెప్పి, ఖర్చులు మాత్రం సంఘం భరిస్తుందని స్పష్టం చేయండి.

మూడవ మెట్టు: ఊరంతటికీ అవసరమైన పనిని ఎంచుకోండి

పేటవారు పేటకే, దివ్యాంగులు దివ్యాంగులకే సేవ చేసే ఏర్పాటు సులువుగా కుదురుతుంది గాని దూరం మాత్రం తగ్గదు. ఊళ్ళోని అన్ని వీధులూ ఆధారపడే పనిని, నలుగురి కంటా పడే పనిని, ఆ మనిషికి ఇదివరకే ఉన్న తెలివితేటలకు చోటున్న పనిని ఎంచుకోవాలి. ఈ మూడూ కలిసే చోటు డెల్టాలో అన్నిటికంటె ముందు నది దగ్గర దొరుకుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. ఈ అంకెలు అందరి ఫోన్లలోకీ వస్తాయి. కాని మొదటి హెచ్చరిక వచ్చినప్పుడు మన ఊరి కాజ్‌వే మీదికి నీరు ఎంతసేపట్లో వస్తుంది, రెండవ హెచ్చరికకు ఏ వీధి మునుగుతుంది, పశువులను ఏ మెరక మీదికి తోలాలి అన్న సంగతులు ఫోన్‌లో ఉండవు. అవి లంకలో పుట్టి పెరిగినవారికీ, రేవులో పడవ నడిపేవారికీ తెలుసు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులను చూసినవారు ఇప్పటికీ లంకల్లో ఉన్నారు; 2022 జులైలో 25 లక్షలు దాటిన వరదను చూసినవారు అందరూ ఉన్నారు. వారు చెప్పే గుర్తులను ఊరి పటం మీద ఎక్కించి, ప్రతి పదిహేను ఇళ్ళకు ఒకరిని హెచ్చరిక బాధ్యుడిగా పెట్టండి. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల హెచ్చరికలు ముందుగా వస్తాయి కాబట్టి కబురు చేరవేయడానికి వ్యవధి ఉంటుంది. ఏటా పొట్లాల కోసం చేయి చాచే మనిషిగా ఊరికి తెలిసిన లంకవాసి, ఈ ఏర్పాటుతో గట్టు మీది ఆసామి ఫోన్ చేసి 'నీరు ఎక్కడిదాకా వచ్చిందండీ' అని అడిగే మనిషి అవుతాడు.

తుపాను హెచ్చరిక కూడా ఇలాంటిదే. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని తాకిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, వారిలో సముద్రం మీదికి వెళ్ళిన మత్స్యకారులు ఎందరో ఉన్నారు. మత్స్యకార స్త్రీలకు ఏ పడవ ఎప్పుడు వెళ్ళింది, అందులో ఎవరెవరు ఉన్నారు అన్నది నోటిలెక్కగా తెలిసి ఉంటుంది. ఆ లెక్కను రోజూ ఒక పుస్తకంలోకి ఎక్కించే బాధ్యతను వారిలో ఒకరికి అప్పగిస్తే, తుపాను రోజున రెవెన్యూ అధికారి మొట్టమొదట వెతుక్కుంటూ వచ్చేది ఆమె ఇంటికే.

నది మీదే ఆగవద్దు. గల్ఫ్‌నుంచి తిరిగి వచ్చిన స్త్రీలు, అక్కడికి వెళ్ళదలచినవారికి ఏ ఏజెంటుకంటె మంచి సలహాదారులు. గృహ కార్మికురాలిగా వెళ్ళడానికి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశాల్లో పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి) అవసరమైన పాస్‌పోర్టు గల స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని, ప్రభుత్వ నియామక సంస్థ ద్వారానే వెళ్ళాలని, విజిట్ వీసా మీద పనికి వెళ్తే చిక్కుల్లో పడతారని వారు చెబితే వినేవారికి మనసుకు ఎక్కుతుంది. వారానికి ఒక పూట గ్రామ సచివాలయం వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేస్తే సరిపోతుంది. బల్ల వెనుక కూర్చొనేది ఆమె, ఎదుట నిలబడేది ఇన్నాళ్ళూ ఆమె గురించి గుసగుసలాడిన కుటుంబాలవారు.

చదువుకొన్న దివ్యాంగ యువతీయువకులకు వయోజన విద్య అనువైన పని. 2022–27 కాలానికి కేంద్రం నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమం 15 ఏళ్ళు దాటిన నిరక్షరాస్యులకు స్వచ్ఛంద బోధకుల ద్వారానే చదువు చెబుతుంది. చేతి వృత్తులు తెలిసినవారు బడి పిల్లలకు శనివారాల్లో నేర్పవచ్చు. రక్తదాన శిబిరాల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది: 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనుంచి రక్తం స్వీకరించవద్దంటాయి. ఆ సంగతి చెప్పకుండా పిలిచి, శిబిరంలో అందరి ముందూ వెనక్కి పంపితే జరిగే అవమానానికి పిలిచినవారే బాధ్యులు. ముందుగానే మాట్లాడి, వారు ఇష్టపడితే నమోదు బల్ల గాని, ప్రచార బాధ్యత గాని అప్పగించండి.

నాలుగవ మెట్టు: ఇంటికి వెళ్ళి అడగండి

మైకులో ప్రకటిస్తే ఎప్పుడూ వచ్చేవారే వస్తారు. వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ గ్రూపులో ఉన్నవారే చూస్తారు. బయట ఉండిపోయినవారికోసం ఇంటికే వెళ్ళాలి. ఇద్దరు వెళ్ళాలి, వారిలో ఒకరు ఆ వీధివారై ఉండాలి. పెట్టిన కుర్చీలో కూర్చోవాలి, ఇచ్చిన మంచినీళ్ళు, టీ తాగాలి. తాగకుండా 'ఇప్పుడే తాగి వచ్చాం' అనే మాటకు అర్థమేమిటో పేటల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పిలుపులోనూ అంతే జాగ్రత్త కావాలి. మన ఊళ్ళలో ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరిని 'గారు' అని, ఇంకొకరిని 'ఏరా' అని పిలవడం ఇంకా ఉంది. సంఘంలో చేరిన ప్రతి ఒక్కరినీ, వయసులో చిన్నవారైనా సరే, సమావేశంలో 'గారు' చేర్చి మీరు అనే పిలవాలని మొదటి రోజే నియమం పెట్టుకోండి. ఇంటి దగ్గర అడిగేటప్పుడు వరస కలిపి పిలవడం ఇక్కడి మర్యాద, కులం దాటి వరస కలపడం మాత్రం అరుదు. ఆ అరుదైన పని మీరు చేయండి:

“పిన్నిగారూ, మీరు ఏళ్ళ తరబడి రేవులో నీరు చూస్తున్నారు. వరద వచ్చేటప్పుడు మీ వరుసలో పదిహేను ఇళ్ళకూ కబురు చెప్పే బాధ్యత మీరు తీసుకొంటారా? మామూలు రోజుల్లో నెలకు ఒక పూట కూర్చుందాం, వరద వస్తే మాత్రం రెండు మూడు రోజులు తిరగాలి. పడవ కూలి, ఫోన్ ఖర్చు సంఘం ఇస్తుంది. కుదరకపోతే కుదరదని చెప్పండి, ఏమీ అనుకోం.”

“ఆయ్, ఆలోచించుకుని చెబుతానండి” అన్న జవాబును ఒప్పుకోలుగా రాసుకోకండి. గోదావరి వైపు మర్యాదస్థులు కాదనే మాటను నేరుగా అనరు. వారం ఆగి, ఈసారి ఆ వీధివారిని మాత్రమే పంపి, అభ్యంతరం ఏమిటో కనుక్కోండి. అది సాధారణంగా ఒక పూట కూలి పోతుందన్న బెంగ గాని, ఇంట్లో మగవారి అనుమతి గాని, 'అక్కడికి వస్తే మమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతారు' అన్న పైకి చెప్పని సందేహం గాని అయి ఉంటుంది. ఆ మూడవదానికి మాటలతో జవాబు ఉండదు. సమావేశం ఎక్కడ పెడుతున్నారన్నదే జవాబు. గుడి మండపంలోనో, ఒక పెద్దాయన ఇంటి ముందరో కాకుండా బడిలోనో, సచివాలయంలోనో పెట్టండి. మొదటి రెండు సమావేశాలు పేటలోనే పెడితే ఇంకా మంచిది.

ఐదవ మెట్టు: వేళ, ఖర్చు, రక్షణ

సార్వా (వానకాలపు వరి) ఊడ్పుల్లో, కోతల్లో కూలీలను శిక్షణకు పిలవడం తెలివితక్కువతనం. దాళ్వా (రెండవ పంట వరి) కోతలు అయిపోయి, కాలువలు కట్టేసిన వేసవి రోజులు డెల్టాలో కాస్త తీరిక ఉన్న కాలం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కాబట్టి మత్స్యకారులూ ఒడ్డునే ఉంటారు. వరద కాలానికి ముందు వచ్చే ఈ రెండు నెలలనే శిక్షణకు వాడుకోండి, అయితే ఎండకు జడిసి పొద్దున్న పది లోపు ముగించండి. చేపలు అమ్ముకొనే స్త్రీలకు మాత్రం పొద్దున్న కుదరదు. వారితో సాయంత్రాలే కూర్చోవాలి. లంకవాసులు వస్తున్న రోజున చివరి పడవ వేళకు గంట ముందే సమావేశం ముగియాలి.

బస్సు, ఆటో, పడవ, పంటు ఖర్చును ఆ రోజే, అక్కడే, నగదుగా చేతికివ్వండి. 'తరువాత బిల్లు పెట్టండి' అనడం ఉన్నవారికి చెల్లుతుంది. కష్టమైన పనుల రోజున భోజనం పెట్టాలి. ప్రతి సభ్యునికీ బ్యాంకు ఖాతా ద్వారా ప్రధానమంత్రి సురక్ష బీమా చేయించండి. 18నుంచి 70 ఏళ్ళవారికి సంవత్సరానికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు అందుతాయి. ఆ ఇరవై రూపాయలనూ సంఘమే కట్టాలి. వరద నీటిలోకి లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ పంపకూడదు, ఈతలో ఎంత గట్టివారైనా సరే. పిల్లలతో పని చేసేవారు ఒంటరిగా కాక ఇద్దరేసి ఉండాలి. 1098 (పిల్లల సహాయం), 112 (అత్యవసరం), 181 (మహిళల సహాయం), 108 (అంబులెన్స్) నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

ఆరవ మెట్టు: జత కూర్చి నేర్పండి

కొత్తగా వచ్చినవారిని ఒక మూలన కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. ఇద్దరేసి చొప్పున జతలు కట్టి పని మీదికి పంపండి. ఒకరు పేటనుంచి, ఒకరు ఊళ్ళోనుంచి ఉండాలి. ఈ జతలో ఎవరూ ఎవరికీ గురువు కాకూడదు. ఒకరికి ఆన్‌లైన్ ఫారం నింపడం తెలిస్తే, ఇంకొకరికి ఏ ఇంట్లో మంచాన పడిన ముసలివారు ఉన్నారో తెలుసు. రెండూ కలిస్తేనే పని పూర్తయ్యేలా బాధ్యతను కూర్చాలి. మూడు నెలలకు ఒకసారి జతలు మార్చండి.

చదువురానివారు చేరారంటే సమాచారం అంతా వాయిస్ మెసేజ్‌గా వెళ్ళాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారు ఉంటే సమావేశం కింది అంతస్తులో, ర్యాంపు ఉన్న చోట, పక్కన వారు వాడుకోగల మరుగుదొడ్డి ఉన్న చోట జరగాలి. మన సచివాలయ భవనాల్లో ర్యాంపు ఉన్నా దాని మీద మోటారుసైకిళ్ళు నిలిపి ఉంటాయి కాబట్టి ముందు రోజే వెళ్ళి చూసుకోండి. వినికిడి లేనివారి ఇంటివారిని ఒకరిని సైగలు చెప్పడానికి పిలవండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది, వాటిలో చాలావరకు పైకి కనిపించవు. అందువల్ల 'మీకు ఏ ఏర్పాటు చేస్తే వీలుగా ఉంటుంది' అన్న ప్రశ్నను అందరినీ అడగండి, కర్ర పట్టుకొన్నవారిని మాత్రమే కాదు.

కళాశాలలనుంచి వచ్చే ఎన్.ఎస్.ఎస్. ప్రత్యేక శిబిరం ఏడు రోజులు ఉంటుంది. విద్యార్థులు పేటలో చీపురు పట్టి ఫొటోలు దిగి వెళ్ళడం అందరికీ అలవాటైన దృశ్యం. దానికి బదులు శిబిరం ప్రణాళికను పేట యువకులతో కలిసి రాయమని, ప్రతి బృందానికీ ఊరినుంచి ఒక సహ నాయకుణ్ణి పెట్టమని ప్రోగ్రాం అధికారిని ముందుగానే కోరండి. ఆ ఏడు రోజుల్లో కలిసిన స్నేహాలు ఊరి యువకుణ్ణి కళాశాల గేటు దాకా తీసుకువెళ్ళిన సందర్భాలు ఉన్నాయి.

ఏడవ మెట్టు: తాళం, లెక్క, మైకు

“వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు” అన్న సామెత వెనుక ఇంతకాలం కడబంతిలో కూర్చున్నవారి అనుభవం ఉంది. పనిలో చేరడం సగమే. ఊరు ఎవరిని తనవారిగా లెక్కపెడుతుందో మూడు వస్తువులు చెబుతాయి: సామాన్ల గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, జమాఖర్చుల పుస్తకం ఎవరు రాస్తారు, కార్యక్రమం రోజున మైకు ఎవరి చేతిలో ఉంటుంది. ఇవి మూడూ వంతులవారీగా తిరగాలి, వంతు నియమం రాతపూర్వకంగా ఉండాలి. డబ్బు విషయంలో ఎవరి మీదా ప్రత్యేక అనుమానం రాకుండా ఇద్దరి సంతకాలు, నెలకోసారి లెక్కలు గోడకు అంటించడం అందరికీ ఒకే నియమంగా పెట్టండి. పేటనుంచి వచ్చిన కోశాధికారి వచ్చాకే 'లెక్కలు చూపించాలి' అన్న ఆలోచన పుట్టిందంటే అది నియమం కాదు, అవమానం.

ఇక ఫ్లెక్సీల సంగతి. ఎవరి బొమ్మ ఎంత పెద్దదన్న తగాదాతో మన జిల్లాల్లో సంఘాలు చీలిపోయాయి. నా సలహా ఏమిటంటే ఫ్లెక్సీయే వద్దు. తప్పదంటే బొమ్మలు లేకుండా పని పేరు, తేదీ మాత్రమే ఉండాలి. సహాయం అందుకొంటున్నవారి ఫొటో వారి అనుమతి లేకుండా తీయకూడదు, తీసినా ఇచ్చేవారు పుచ్చుకొనేవారి చేతిలో పెడుతున్న భంగిమ అసలే వద్దు.

అన్నసమారాధన దగ్గరికి వచ్చేసరికి ఈ మెట్టు అసలు పరీక్షకు నిలుస్తుంది. పప్పు బకెట్టు, అన్నం పళ్ళెం పట్టుకొని వరుస వెంట నడిచే చేతుల్లో పేటవారి చేతులు ఉంటాయా? వంటశాలలో ఉంటాయా? దీన్ని మొదటి ఏడాదే ఆలయ కమిటీ ముందు పెడితే తగవు రావచ్చు. మొదట సంఘం సొంత కార్యక్రమాల్లో, వరద పునరావాస కేంద్రపు వంటలో, బడి వార్షికోత్సవంలో కలిసి వండి, కలిసి వడ్డించి, ఒకే బంతిలో కూర్చొని తినే అలవాటు చేయండి. ఆకలితో, తడిసిన బట్టలతో పునరావాస కేంద్రానికి వచ్చినవారు వడ్డించేవారి కులం అడగడం అరుదు. అక్కడ తిన్నవారే మరుసటి కార్తీకంలో ఆలయ కమిటీలో అభ్యంతరం చెప్పడానికి వెనకాడతారు.

ఎనిమిదవ మెట్టు: అవమానం జరిగిన రోజున ఏం చేయాలి

జరగదనుకోవద్దు. ఎవరో ఒకరు పేట వాలంటీరు తెచ్చిన నీళ్ళు తాగనంటారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీద జోకు వేస్తారు, మాటలు సరిగా రాని కుర్రవాణ్ణి వెక్కిరిస్తారు. అప్పుడు 'సర్దుకుపో' అనే మాట అవమానపడినవారితో అన్న క్షణాన మీ సంఘం మీద వారికి నమ్మకం పోతుంది. ఏం చేయాలో ముందుగానే రాసుకోండి. అక్కడికక్కడే పని ఆపి, జత భాగస్వామి పక్కన నిలబడాలి. అదే రోజు బాధ్యులు ఇద్దరు అవమానించిన వ్యక్తి ఇంటికి వెళ్ళి మాట్లాడాలి. సంఘ సభ్యుడే ఆ పని చేసి ఉంటే క్షమాపణ నలుగురి ముందూ చెప్పాలి, చెప్పకపోతే సభ్యత్వం ఆగాలి. కులం పేరుతో బహిరంగంగా దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది పూర్తిగా బాధితుల నిర్ణయం. చేస్తామంటే 14566 హెల్ప్‌లైను, పోలీసు స్టేషను ఉన్నాయని చెప్పి వెంట వెళ్ళండి. 'ఊరి పరువు' పేరుతో ఆపకండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం రక్షణ ఇస్తుంది.

తొమ్మిదవ మెట్టు: ఏం మారిందో చూసి, ముందుకు దారి చూపండి

ఎన్ని మొక్కలు నాటాం, ఎన్ని పొట్లాలు పంచాం అన్న లెక్క వార్షిక నివేదికకు పనికి వస్తుంది. మీరు చూడవలసినది వేరు. ఆరు నెలల తరువాత మొదటి మెట్టులో రాసిన కాగితాన్ని తీసి, అదే మనుషులతో కూర్చొని మళ్ళీ నింపండి. కొత్త పేర్లు ఏ పనిలోకి వచ్చాయి? మానేసినవారు ఎవరు, ఎందుకు? సేవ పని లేని రోజున కూడా జత భాగస్వాములు ఒకరి ఇంటికి ఒకరు వెళ్తున్నారా? పెళ్ళి శుభలేఖ వీధి దాటి వెళ్ళిందా? ఈ ప్రశ్నలను మానేసినవారినే ముందు అడగాలి, ఉన్నవారు మంచే చెబుతారు.

పని చేసినవారికి తేదీలు, చేసిన పని, నేర్చుకొన్న నైపుణ్యం స్పష్టంగా రాసిన అనుభవ పత్రం ఇవ్వండి. శాలువా కప్పడం కంటె అది ఎక్కువ ఉపయోగం. వరద పనిలో ఆరితేరిన 18నుంచి 40 ఏళ్ళవారిని ఆపద మిత్ర శిక్షణ (విపత్తుల్లో సహాయపడే పౌరులకు ప్రభుత్వం ఇచ్చేది) జరిగినప్పుడు దానికి సిఫారసు చేయండి.  పూర్తి చేసినవారికి అత్యవసర సామగ్రి కిట్టు ఇస్తారు. కౌలు రైతులకు 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు, దివ్యాంగులకు సదరం ధ్రువపత్రం ఇంకా లేకపోతే, సంఘంలో ఆ పని తెలిసినవారే వెంట వెళ్ళి ఇప్పించాలి.

రెండేళ్ళు నిండేసరికి మొదలుపెట్టినవారు కన్వీనరు బాధ్యతనుంచి తప్పుకోవాలి, పుచ్చుకొనే వరుసలోనుంచి వచ్చినవారిలో ఒకరు ఆ కుర్చీలో కూర్చోవాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో మొదటి రోజునే రాజమహేంద్రవరంలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయిన సంగతి మరువరానిది. ఈసారి రేవుల దగ్గర నీటి లోతు తెలిసినవారు, జనాన్ని మర్యాదగా నిలపగలవారు, తప్పిపోయిన ముసలివారి చేయి పట్టుకోగలవారు ఎందరో కావాలి. మీ సంఘంలో లంకవాసులు, మత్స్యకారులు, పేట యువతీయువకులు ఎవరెవరు ఏ రేవులో ఏ పని చేయగలరో పేర్లతో, శిక్షణ వివరాలతో ఒక జాబితా ఇప్పటినుంచే తయారు చేసి, మండల అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.